జింక వేటకు రివాల్వరు: ఏ తూటా తగినది?

అంకెలలో బలంగా కనిపించే తూటా అడవిలో బలహీనం కావచ్చు. అమెరికా వేటగాళ్లు తొంభై ఏళ్లుగా తర్కించుకొంటున్న ప్రశ్న ఇది.

నవంబరు మాసం ప్రవేశించి, ఓక్ చెట్ల ఆకులు రాలి నేలపై పరచుకొనే వేళకు అమెరికాలోని అనేక రాష్ట్రాలలో జింకల వేట ఋతువు ఆరంభమవుతుంది. పెన్సిల్వేనియా, మిచిగన్, విస్కాన్సిన్ వంటి చోట్ల ఆ దినాల్లో లక్షలాది జనం కళ్లు మిరుమిట్లు గొలిపే నారింజ రంగు చొక్కాలు తొడుక్కొని అడవి దారి పడతారు. వారిలో అత్యధికుల భుజాన ఉండేది రైఫిలు. కాని ఒక చిన్న వర్గం మాత్రం భుజాన ఏమీ లేకుండానే బయలుదేరుతుంది. వారి ఆయుధం నడుముకో, ఛాతీకో కట్టుకొన్న తోలు ఒరలో ఉంటుంది. అది రివాల్వరు.

రైఫిలుతో రెండు వందల గజాల నుంచి పడగొట్టగలిగిన జింకను యాభై గజాల లోపలికి చేరుకొని రివాల్వరుతో కొట్టాలని వీరి పట్టుదల. సులభమైన పనిని కోరి కష్టం చేసుకొనే మనుషులు అన్ని దేశాలలోనూ ఉన్నారు కనుక అందులో ఆశ్చర్యపోవలసింది లేదు. ఆ కష్టం వేటగాడు అనుభవించేది అయినంతవరకు ఎవరికీ అభ్యంతరమూ ఉండదు. అది జింక పాలిట పడినప్పుడే చిక్కు. తగని తూటా తగిలిన జింక అక్కడికక్కడే పడిపోదు. పొదల్లోకి దూసుకుపోయి, వేటగాడికి దొరకక, రెండు మూడు దినాలు యాతనపడి ప్రాణం విడుస్తుంది. తూటా ఎంపిక అనే విషయం పైకి యంత్రశాస్త్రంలా కనిపించినా, దాని అడుగున ఉన్నది ఈ ప్రాణి పడే బాధే.

వేట పట్ల అక్కడి సమాజం వైఖరి తెలియకపోతే ఈ చర్చ మనకు వింతగా తోచవచ్చు. తెల్లతోక జింకల సంఖ్య 1900 ప్రాంతానికి అమెరికాలో దాదాపు 5 లక్షలకు పడిపోయిందని అంచనా. విచ్చలవిడి వేట, మాంసవ్యాపారం దానికి కారణాలు. ఆ పిమ్మట వచ్చిన చట్టాలు, ఋతు నియమాలు, అనుమతి పత్రాల ఫలితంగా ఈనాడు ఆ సంఖ్య సుమారు 3 కోట్లు. 1937లో చేసిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులమీద, తూటాలమీద వసూలయ్యే ప్రత్యేక పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. తూటా పెట్టె కొన్న ప్రతి వేటగాడూ అడవికి కొంత చెల్లిస్తున్నాడన్నమాట.

చిన్న వేగం, చిన్న గాయం

రివాల్వరు గుండు, రైఫిలు గుండు జింకను చంపే తీరు ఒకటి కాదు. సాధారణమైన .30–30 రైఫిలు నుంచి 150 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 2,390 అడుగుల వేగంతో బయటికి వస్తుంది. ఎంతో పేరుమోసిన .44 మ్యాగ్నమ్ రివాల్వరు నుంచి 240 గ్రెయిన్ల గుండు వచ్చే వేగం 1,180 అడుగులు. అనగా సగం. (మన కంసాలి బంగారాన్ని గురిగింజలతో తూచినట్లే తూటాల తయారీదారులు గుండును ధాన్యపు గింజల లెక్కన తూస్తారు. 240 గ్రెయిన్లంటే 15 గ్రాముల పైచిలుకు.)

రెండు వేల అడుగులు దాటిన వేగంతో దూరిన గుండు తన దారికి చుట్టుప్రక్కల ఉన్న కండను కూడా విస్ఫోటంలా చిమ్మి చీలుస్తుంది. దాని దారి గుండెకు అంగుళం తప్పినా పని జరిగిపోవచ్చు. రివాల్వరు గుండుకు ఆ శక్తి లేదు. అది దూరినప్పుడు ప్రక్కనున్న కండ రబ్బరులా సాగి, తిరిగి యథాస్థానానికి వస్తుంది. తాను తాకినదాన్ని మాత్రమే అది ఛేదిస్తుంది. కాబట్టి రివాల్వరు గుండు నుంచి కోరదగినవి రెండే: చేసే రంధ్రం వెడల్పుగా ఉండాలి, ఆ రంధ్రం రెండు ఊపిరితిత్తులనూ దాటి అవతలి ప్రక్కకు తేలాలి.

ఈ చిన్న సత్యాన్ని అమెరికా వేటగాళ్లకు నచ్చజెప్పడానికి ఒక పశువుల కాపరి జీవితమంతా వెచ్చించాడు. అతని పేరు ఎల్మర్ కీత్. 1899లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టి, బాల్యంలో ఒక హోటలు అగ్నిప్రమాదంలో ఘోరంగా కాలి, బ్రతికి బయటపడిన మనిషి. తరువాత ఐడహో కొండల్లో స్థిరపడి, పశువులను మేపుతూ, వేటగాళ్లకు దారి చూపుతూ, తుపాకుల గురించి పత్రికలకు వ్రాస్తూ కాలం గడిపాడు. పెద్ద టోపీ, నోట్లో చుట్ట అతని గుర్తులు. ఆనాటి .44 స్పెషల్ తూటాలో కార్ఖానా వారు నింపే మందు చాలదని అతని అభిప్రాయం. తానే మందు ఎక్కువ పోసి, తానే సీసం కరిగించి, మొన బల్లపరుపుగా ఉండి, అంచు పదునుగా ఉండే 250 గ్రెయిన్ల గుండు నమూనా తయారు చేసుకొన్నాడు. అటువంటి తూటాను కార్ఖానాలోనే తయారు చేయాలని ఏళ్ల తరబడి కంపెనీల వెంటపడ్డాడు.

అంతకు మునుపే, 1935లో, స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .357 మ్యాగ్నమ్ అనే రివాల్వరును తెచ్చింది. కీత్ కోరిక తీరడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1955 చివర రెమింగ్టన్ కంపెనీ తూటాను, స్మిత్ అండ్ వెసన్ రివాల్వరును సిద్ధం చేయగా .44 మ్యాగ్నమ్ పుట్టింది. పాత తుపాకులలో ఎవరైనా పొరపాటున పెట్టి పేల్చి చేతులు పోగొట్టుకొంటారేమోనన్న జాగ్రత్తతో దాని ఇత్తడి గొట్టాన్ని పాత .44 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు చేశారు. పాత తుపాకిలో అది పట్టదు. కొత్త తుపాకిలో పాత తూటా చక్కగా పడుతుంది. ఈ చిన్న ఏర్పాటు వేటగాడికి మరో విధంగా కూడా ఉపకరించిందని ముందు చూడబోతాము. 1971లో ‘డర్టీ హ్యారీ’ చలనచిత్రం ఈ రివాల్వరును లోకప్రసిద్ధం చేసింది. అడవి మొహం ఎరుగని వాళ్లు కూడా దుకాణాల ముందు దానికోసం బారులు తీరడానికి ఆ చిత్రమే కారణం.

అంకెల మాయ

తూటాల పెట్టెమీద ‘శక్తి’ అని ఒక అంకె వేస్తారు. అడుగు–పౌనులలో దీన్ని కొలుస్తారు. ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తు లేపే శక్తి ఒక అడుగు–పౌను. గుండు బరువును దాని వేగపు వర్గంతో గుణించి ఈ అంకె రాబడతారు. బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపే అవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లు అవుతుంది. మాయ ఇక్కడే ఉంది. తేలికైన గుండును వేగంగా వదిలితే చాలు, అంకె పెరిగిపోతుంది.

.357 మ్యాగ్నమ్ తూటాలనే చూడండి. నాలుగు అంగుళాల గొట్టం నుంచి 158 గ్రెయిన్ల గుండు 1,235 అడుగుల వేగంతో వస్తుంది. దాని శక్తి 535 అడుగు–పౌనులు. అదే గొట్టం నుంచి 125 గ్రెయిన్ల గుండు 1,450 అడుగుల వేగంతో వస్తుంది, శక్తి 583. అంకెలు మాత్రమే చదివేవాడు రెండోదాన్ని కొంటాడు. కాని గాలి తేలికైన గుండు వేగాన్ని త్వరగా హరిస్తుంది. యాభై గజాలు పోయేసరికి రెండింటి శక్తీ సుమారు 427 దగ్గర సమానమవుతుంది. పుట్టుకతో వచ్చిన ఆధిక్యం అంతటితో సరి. ఆపైన జింక దేహంలోకి దిగడంలో బరువైన గుండుదే పైచేయి.

125 గ్రెయిన్ల తూటా చెడ్డదని దీని అర్థం కాదు. అది పోలీసుల కోసం పుట్టింది. వారి అవసరం వేరు. మనిషికి తగిలిన గుండు లోపలే ఆగిపోవాలి. అవతలికి తేలి దారినపోయే వాడికి తగలకూడదు. అందుకే దాని మొనలో గుంట ఉంటుంది. కండ తగలగానే ఆ గుంట పువ్వులా విచ్చుకొని, గుండు వెడల్పై, త్వరగా నిలిచిపోతుంది. 1986లో మయామీ నగరంలో జరిగిన కాల్పులలో తమ వారు ప్రాణాలు కోల్పోయిన తరువాత, అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ తూటాలను జెలటిన్ దిమ్మలలోకి పేల్చి పరీక్షించే పద్ధతిని రూపొందించింది. గుండు కనీసం 12 అంగుళాలు దిగాలనీ, 18 అంగుళాలు మించనక్కరలేదనీ దాని సారం. వేటగాడు కోరేది దీనికి సరిగ్గా విరుద్ధం. గుండు అవతలికి తేలితేనే అతనికి మేలు. రెండు రంధ్రాలున్న జింక నుంచి నెత్తురు ధారాళంగా కారుతుంది. దాని జాడ దొరుకుతుంది. ఇంటి రక్షణకని కొని సొరుగులో దాచుకొన్న తూటాలను నవంబరు రాగానే అడవికి తీసుకుపోయేవారు ఈ ఒక్క తేడాను మరచిపోతారు.

శాసనకర్తలు కూడా అంకెలనే నమ్ముకొన్నారు; వారికి మరో గత్యంతరం లేదు కూడా. వర్జీనియాలో జింకను వేటాడే రివాల్వరు తూటాకు గొట్టం మొన దగ్గర 350 అడుగు–పౌనుల శక్తి ఉంటే చాలు. కొలరాడోలో యాభై గజాల దూరాన 550 ఉండాలి. పైన చెప్పిన .357 తూటా వర్జీనియాలో చట్టసమ్మతం, కొలరాడోలో నేరం. యాభై గజాల దగ్గర 623 ఉన్న .44 మ్యాగ్నమ్ రెండు చోట్లా చెల్లుతుంది. రెండు రాష్ట్రాల జింకలూ ఒకటి కావని కొలరాడో వారు వాదించవచ్చు. అక్కడి వేటలో తెల్లతోక జింకతోపాటు బరువైన మ్యూల్ జింక, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఎల్క్ కూడా ఉన్నాయి. కాని ఏ చట్టమూ గుండు మొన ఏ ఆకారంలో ఉంటే అది ఎంత లోతు దిగుతుందో చెప్పజాలదు.

ఇక ఆకారాల సంగతి. గుండ్రని మొన, లేదా మొన మొదలుకొని అంతటా రాగి తొడుగు ఉన్న గుండు జింక దేహంలో సూదిలా దూరి సూదిలా వెళుతుంది. రంధ్రం చిన్నది, అంచులు మూసుకుపోతాయి. విచ్చుకొనే గుండునే వాడాలని చాలా రాష్ట్రాలలో నియమం ఉన్నది ఇందుకే. దానికి పూర్తిగా భిన్నమైనది పోలీసుల గుంటమొన గుండు: అది ముందుకాలి జబ్బ ఎముక తగిలితే అక్కడే చిట్లి, వికారమైన పైగాయం చేసి, ఊపిరితిత్తులను చేరకుండానే ఆగిపోవచ్చు. ఈ రెండింటి నడుమ వేటగాడికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, మెత్తని సీసపు మొన బయటికి కనిపించే తొడుగు గుండు: .357లో 158 నుంచి 180 గ్రెయిన్లు, .44లో 240 గ్రెయిన్లు. ఇది నిదానంగా విచ్చుకొంటూ లోతుకు దిగుతుంది. రెండోది, తగరమూ ఆంటిమొనీ కలిపి గట్టిగా పోతపోసిన సీసపు గుండు. ఇది విచ్చుకోదు. బల్లపరుపు మొనతోనే దారి చేసుకుపోతుంది. కీత్ పక్షం ఇది. విచ్చుకొనే గుండు వేగం తగ్గినచోట విచ్చుకోకపోవచ్చు. కాని మొదటనే వెడల్పుగా ఉన్నది ఎంత దూరం పోయినా వెడల్పుగానే ఉంటుందన్నది అతని అనుయాయుల తర్కం. దాన్ని కాదనడం కష్టం. కాని విచ్చుకోని గుండుకు అనుమతి లేని రాష్ట్రాలలో అది పనికిరాదు. అదిగాక, అవతలికి తేలిన గుండు అక్కడితో ఆగదు గనుక, జింక వెనుక మట్టిగట్టు ఉందో, ఎవరిదైనా ఇల్లు ఉందో చూసుకోవడం దీనితో మరింత అవసరం.

1980ల చివర నుంచి మూడో మార్గం కూడా ఏర్పడింది: సీసం బొత్తిగా లేకుండా రాగితోనే చేసిన గుండు. కారణం వంటింటిలో ఉంది. సీసపు గుండు చిట్లినప్పుడు కంటికి ఆనని తునకలు మాంసంలో మిగిలిపోతాయి. 2008లో ఉత్తర డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా వచ్చిన జింక మాంసంలో ఇటువంటి తునకలు కనబడగా, దాన్ని పారవేయవలసిందని ఆరోగ్యశాఖ సలహా ఇచ్చింది. సీసం తిన్న కళేబరాల వలన కాలిఫోర్నియా కాండోరు రాబందులు చచ్చిపోతూ రాగా, ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. వేగం తక్కువైన బరువు గుండ్లు రైఫిలు గుండ్లంతగా చిట్లవన్నది రివాల్వరు వేటగాడికి కొంత ఊరట.

జింక పరిమాణాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఉత్తరాన మంచు రాష్ట్రాలలోని తెల్లతోక పోతు వంద కిలోలు దాటుతుంది. దక్షిణాన టెక్సాస్‌లోనిది దానికంటే చాలా చిన్నది. టెక్సాస్ ప్రస్తావన వచ్చింది కనుక తెలుగు పాఠకులకు ఒక వింత చెప్పాలి. అక్కడి కొండ ప్రాంతపు పచ్చికబయళ్లలో మన చుక్కల జింకలూ, కృష్ణజింకలూ మందలు మందలుగా తిరుగుతున్నాయి. చుక్కల జింకను 1932లో అక్కడికి తీసుకువెళ్లారు. పరదేశపు జంతువులు కనుక వాటికి వేట ఋతువు నియమం లేదు. భూమి యజమాని అనుమతితో ఏడాది పొడవునా వేటాడవచ్చు. ఇక్కడ చుక్కల జింక తెలంగాణకు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిమీద తుపాకి ఎత్తినవాడికి చెరసాల. అక్కడ వాటికోసం దుకాణంలో తూటా ఎంచుకొంటున్నారు.

చేయి ఎంతవరకో దూరం అంతవరకే

తుపాకి దుకాణంలో తీరిన సందేహం పొలంలో మళ్లీ తలెత్తుతుంది. .44 మ్యాగ్నమ్ గుండు నూరు గజాల దూరాన కూడా 543 అడుగు–పౌనుల శక్తి కలిగి ఉంటుంది. కాని అంత దూరాన గురి నిలిపే చేయి ఎందరికి ఉంది? రివాల్వరుకు భుజం ఆనిక లేదు, గొట్టం పొట్టిది, చేతి వణుకంతా మొనకు చేరుతుంది. గాయపడి పారిపోతున్న మ్యూల్ జింకను తాను సుమారు ఆరు వందల గజాల దూరం నుంచి రివాల్వరుతో పడగొట్టానని కీత్ వ్రాసుకొన్నాడు. ఆ మాట నిజమా కాదా అని వేట పత్రికలు దశాబ్దాల తరబడి తగవులాడాయి. నిజమే కావచ్చు. అనుకరించవలసింది మాత్రం కాదు.

అనుభవజ్ఞులు చెప్పే పరీక్ష చాలా సరళమైనది. జింక ప్రాణస్థానం, అనగా గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు, సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అదే వెడల్పుగల కాగితపు పళ్లెం ఒకటి చెట్టుకు కట్టి, బల్ల ఆసరా లేకుండా, అడవిలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని పేల్చాలి. అయిదు గుండ్లకు అయిదూ పళ్లెంలో పడిన దూరమే ఆ వేటగాడి దూరం. నలభై గజాల దగ్గర ఒకటి తప్పిందంటే అతని దూరం ముప్పయి. తూటా పెట్టె మీద ఏ అంకె ఉన్నా సరే.

ఈ పరీక్షలో ఓడిపోయేది తరచు బలమైన తూటాయే. మ్యాగ్నమ్ తూటాలను అదేపనిగా పేల్చిన అరచేయి రెండో పెట్టె నాటికి దెబ్బను ముందే ఊహించి ముడుచుకుపోతుంది. మీట నొక్కే క్షణాన కళ్లు మూసుకొంటాయి. ఇత్తడి గొట్టం పొడవులో ఆ ఎనిమిదో వంతు అంగుళపు తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది. అదే తుపాకిలో మెత్తని .44 స్పెషల్ తూటాలతో వందలసార్లు సాధన చేసి, వేటకు ముందు మాత్రం అసలు తూటాలతో గురి సరిచూసుకోవచ్చు. అప్పటికీ చేయి నిలవని వారికి .357లో 180 గ్రెయిన్ల గుండు, ముప్పయి గజాల దూరం తగినవి. అందులో నామోషీ ఏమీ లేదు. పళ్లెం అంచు తాకే .44 కంటే నడుమ తగిలే .357 జింకకు దయగలది.

పేల్చిన తరువాత చేయవలసిన పని కూర్చోవడం. ఊపిరితిత్తులు రెండూ తెగిన జింక కూడా నూరు గజాలు పరుగెత్తి పడిపోవచ్చు. వెంటనే వెంబడిస్తే గాయపడినది మరింత దూరం పోతుంది. గడియారం చూసుకొని అరగంట గడిపిన తరువాత, జింక నిలిచిన చోటికి వెళ్లి నేల చూడాలి. నురుగుతో కూడిన లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే గుండు ఊపిరితిత్తులలో పడింది. జింక దగ్గరలోనే ఉంటుంది. ముదురు ఎరుపయితే కాలేయం, ఇంకొంతసేపు ఆగాలి. పచ్చని జీర్ణపదార్థం కలిసి ఉంటే కడుపు; ఆ జింకను గంటల తరబడి కదిలించకూడదు. పలు రాష్ట్రాలలో ఇటువంటప్పుడు పగ్గం పట్టిన కుక్కను రప్పించే అనుమతి ఉంది. గాయం వాసన పట్టడం నేర్చిన ఆ కుక్కల యజమానులకు వేట దినాల్లో రాత్రంతా ఫోను మోగుతూనే ఉంటుంది. వారు వచ్చి మొదట అడిగేది రెండే ప్రశ్నలు: గుండు ఎక్కడ తగిలింది, అవతలికి తేలిందా?